పేర్లు రాసిన పుస్తకం

నాకు నలభై ఎనిమిదో ఏట అక్షరాలు వచ్చాయి. ఆ మాట చెబితే వినేవాళ్ళు సంతోషిస్తారు, ఈ వయసులోనా అని మెచ్చుకుంటారు. వచ్చిన అక్షరాలతో మొదట ఏం రాశావని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నో లేదో తెలియదు. అందుకని ఎవరూ అడగకుండానే రాస్తున్నాను.

మా పుట్టిల్లు చల్లపల్లికి అవతల ఒక మగ్గాల ఊరు. నాన్న మగ్గం గుంటలో, అమ్మ రాట్నం దగ్గర, నేను నూలు కండెలు చుడుతూ పెరిగాను. అన్నయ్యని బడికి పంపారు. నన్ను పంపితే కండెలు చుట్టే చేతులు తగ్గి మగ్గం ఆగుతుంది కాబట్టి పంపలేదు. అది అన్యాయమని ఇంట్లో ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. పెళ్ళయి విజయవాడ వచ్చాను. మా ఆయన ఆటో నడిపేవాడు. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక బందరు రోడ్డు మీద ఒక నాలుగంతస్తుల బట్టల షాపులో, చీరల సెక్షన్‌లో చేరాను. అక్కడ నాకు చదువు రాదన్న సంగతి ఎవరికీ తెలియలేదు. చీర వేళ్ళ మధ్య పెట్టి నలిపితే నూలు ఎంత సన్నమో, జరీ అసలుదో కాదో చెప్పేసేదాన్ని. కస్టమర్లు అందుకే నా కౌంటరుకి వచ్చేవాళ్ళు. అంకెలు వచ్చు కాబట్టి రేటు చీటీతో పేచీ లేదు. అక్షరాలు ఉన్న కాగితం ఏదైనా చేతికొస్తే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని చెప్పేదాన్ని. నాకసలు కళ్ళజోడే లేదు.

షాపులో పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి మూసేదాకా నిలబడే ఉండాలి. జనం లేని మధ్యాహ్నం కూడా కూర్చోకూడదు. ఎవరైనా చీరల కట్ట మీద ఒరిగితే కెమెరాలో చూసి, కింద నుంచి మైకులో సెక్షన్ పేరు పిలిచేవాళ్ళు. భోజనానికి ఇరవై నిమిషాలు, అదీ కింద గోడౌన్‌లో, బేళ్ళ మధ్య. వారానికో సెలవు అన్నది చేరేటప్పుడు చెప్పిన మాట. ఆషాఢం తగ్గింపులు, శ్రావణం పెళ్ళిళ్ళు, దసరా, కార్తీకం అంటూ ఎప్పుడూ ఏదో ఒకటి దానికి అడ్డం వచ్చేది. ఊరందరికీ వరలక్ష్మీ వ్రతం చీరలు అమ్మి, వ్రతం రోజు మేం మళ్ళీ డ్యూటీకి వచ్చేవాళ్ళం. మా ఇళ్ళల్లో అమ్మవారు తర్వాతి శుక్రవారం దాకా ఆగాలి. ఒక్కో ఏడాది ఆ శుక్రవారం కూడా దొరికేది కాదు.

"మీ షాపువాళ్ళు నిన్ను అద్దెకి తీసుకున్నారా, కొనేసుకున్నారా?" అనేవాడు మా ఆయన, చల్లారిన అన్నంలో చారు పోసుకుంటూ.

అలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. ఓనరు గారి బంధువు, ముప్పై ఏళ్ళుంటాయి. పొద్దున దీపం పెట్టి హారతి ఇచ్చాక అందర్నీ లిఫ్టు దగ్గర వరసగా నిలబెట్టి మీటింగ్ పెట్టడం ఆయనతోనే మొదలైంది. వచ్చిన నెలకే ఒక రూలు తెచ్చాడు. అమ్మాయిలు మాటిమాటికీ బాత్రూమని కౌంటరు వదిలి పోతున్నారు, కస్టమర్లు ఎదురుచూస్తున్నారు, కాబట్టి ఎవరు ఎన్నిసార్లు వెళ్ళారో రోజూ ఒక పుస్తకంలో రాయాలి అన్నాడు. రోజుకి నాలుగు సార్లు. దాటితే కారణం చెప్పాలి, అదీ రాయాలి. మా అంతస్తులో పద్నాలుగు మంది ఆడవాళ్ళం. బాత్రూము పై అంతస్తులో వెనక మూల ఒక్కటి.

వయసులో పెద్దదాన్నని ఆ పుస్తకం నాకిచ్చాడు. అందరి ముందూ ఇచ్చాడు, పెన్ను కూడా ఇచ్చాడు. ఫ్లోర్ ఇన్‌ఛార్జి అన్నాడు. నాకు రాయడం రాదండీ అని ఆ క్షణం నోరు తెరిస్తే సరిపోయేది. పెన్ను నా చేతిలో ఉంది. నా జన్మలో నాకెవరైనా పెన్నివ్వడం అదే మొదటిసారి. పుస్తకం చంకన పెట్టుకుని కౌంటరుకి వెళ్ళిపోయాను.

ఆ రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. మా నాన్న గళ్ళ కాగితం మీద చీర బుటాలు గీసేవాడు, చూసీ చూసీ ఆ గీత నాకూ అబ్బింది. పుస్తకంలో ఒక్కో అమ్మాయికి ఒక్కో బుటా వేశాను. ఒకామెకి మామిడి పిందె, ఒకామెకి నెమలి, ఒకామెకి రుద్రాక్ష, ఇంకొకామెకి చెంగు గోపురం. దాని పక్కన వెళ్ళినన్నిసార్లు నిలువు గీతలు. మొదటి నెలాఖరున మేనేజరు తెరిచి చూసి, "ఇదేంటి పిన్నిగారూ, ముగ్గుల పుస్తకమా?" అని నవ్వాడు. గబుక్కున గుర్తు పడుతుందని ఇలా వేశానండీ అన్నాను. సరే మీరే చదివి చెప్పండి అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి నెలా నేను చదివి చెప్పడం, ఆయన వినడం.

ఆ చదవడంలో నా ఇష్టం ఉండేది. నెలసరిలో ఉన్న పిల్లకి ఎనిమిది గీతలుంటే, అందులో నాలుగు పక్క బుటా అమ్మాయివని చెప్పేదాన్ని. ఏ బుటా ఎవరిదో మేనేజరుకి తెలియదు కదా. అమ్మాయిలు నన్ను పిన్నీ పిన్నీ అని చుట్టూ తిరిగేవాళ్ళు. ఇంటి నుంచి తెచ్చిన పచ్చళ్ళు నా గిన్నెలో ముందు వేసేవాళ్ళు. అది నా మంచితనం అనుకునేదాన్ని. నాకు అక్షరాలు రాకపోవడం వల్లనే అలా జరుగుతోందని అప్పట్లో తోచలేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఇరవై మూడేళ్ళు, డిగ్రీ చదివింది. పుట్టిల్లు గన్నవరం, అత్తగారిల్లు గుణదల. ఆ ఎండాకాలమే పెళ్ళయింది, పెళ్ళయిన పదో రోజుకి డ్యూటీకి వచ్చింది. నా పుస్తకంలో ఆమెది హంస. ఒకరోజు పుస్తకంలోకి తొంగి చూసి, "నీ హంస నాకన్నా లావుగా ఉంది పిన్నీ, తిండి తగ్గించు దానికి" అంది. ఆమెకి నా సంగతి మొదట్లోనే తెలిసిపోయింది. ఒక కస్టమరు ఫోనులో చూపించిన అడ్రసు నేను తలకిందులుగా పట్టుకుని చూస్తుంటే చూసింది. ఎవరి ముందూ ఏమీ అనలేదు. మర్నాడు భోజనాల దగ్గర చీర పెట్టెలో పెట్టే అట్ట ఒకటి తీసుకుని దాని మీద రెండక్షరాలు రాసింది.

"ఇది రోజూ నీ చేతిలో ఉండేదే. ఏంటో చెప్పుకో."

చెప్పలేకపోయాను. అంచు అని చెప్పింది. అ, ఆ లతో మొదలుపెట్టలేదు. అంచు, జరీ, పట్టు, కొంగు, రవిక. నాకు తెలిసిన వస్తువుల నుంచి అక్షరాలు ఒలిచి ఇచ్చింది. ఇరవై నిమిషాల భోజనంలో పది నిమిషాలు నాకు పెట్టేది. ఆమె అన్నం ఒక్కోసారి సగం డబ్బాలోనే మిగిలిపోయేది. ఇంటికెళ్ళాక మా ఆయన నిద్రపోయేదాకా ఆగి, ఆ అట్ట తీసుకుని వంటింట్లో కూర్చుని దిద్దుకునేదాన్ని.

ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్ళికూతురు ఆషాఢమంతా పుట్టింట ఉండాలి, అత్తగారి గడప తొక్కకూడదు. ఇది మా వైపు ఎంత చదువుకున్న ఇళ్ళలోనైనా పట్టింపే. తగ్గింపు అమ్మకాల రోజులని షాపువాళ్ళు ఆమెకి సెలవివ్వలేదు. పోనీ గన్నవరం నుంచి వచ్చిపోదామంటే షాపు మూసేసరికి ఆ వైపు బస్సులు దొరికేవి కావు. మేనేజర్ని ఒక గంట ముందు వదలమని అడిగింది. ఆయన, "పెళ్ళికి సెలవిచ్చాం, ఇప్పుడు ఆషాఢానికీ ఇవ్వాలా?" అన్నాడట. దాంతో వారంలో నాలుగు రోజులు గుణదలలోనే పడుకునేది. ఆ ఇంట్లో వాళ్ళు ఇరుగుపొరుగుకి తెలియకుండా సర్దుకున్నారు.

శ్రావణంలో ఒకరోజు, గోడౌన్‌లో, అట్ట మీద రాస్తూ రాస్తూ ఆగిపోయింది. నెల తప్పిందని చెప్పింది. నేను ఆమె తల నిమిరాను. ఆమె మొహంలో మాత్రం సంతోషం కన్నా భయమే ఎక్కువ కనిపించింది.

"మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పమాక పిన్నీ. మా అత్తగారికి కూడా చెప్పలేదు. ఇప్పుడే తెలిస్తే అందరూ వేళ్ళు మడిచి ఆషాఢం లెక్క తీస్తారు. ఆమె తలెత్తుకోలేదు."

"నా నోట్లోంచి రాదులే" అన్నాను.

"నా గీతలు కూడా కాస్త చూసుకో" అంది. అప్పటికే గంటకోసారి వెళ్తోంది, వాంతులు కూడా. చూసుకుంటాలే అన్నాను. ఆ నెల చూసుకున్నాను కూడా. హంస గీతలన్నీ నెమలికీ, మామిడి పిందెకీ, నాకూ పంచేశాను.

తర్వాతి నెల ఒకటో తారీఖున కొత్త పుస్తకం ఇచ్చారు. అప్పటికి నాకు గుణింతాలు వచ్చేశాయి. కొత్త పుస్తకం మొదటి పేజీ తెల్లగా ఉంది. ఎవరూ నన్ను రాయమని అడగలేదు. మేనేజరు అడగలేదు, ఆయనకి బుటాలతో పని జరిగిపోతూనే ఉంది. నేనే, నా అంతట నేనే, బొమ్మలు మానేసి పద్నాలుగు పేర్లూ అక్షరాలతో రాశాను. ఒక పేరుకి ఒత్తు సరిగ్గా రాలేదని ఆ కాగితం చింపేసి మళ్ళీ మొదట్నుంచి రాశాను. ఆ అమ్మాయి పేరు అన్నిటికన్నా బాగా వచ్చింది, ఎందుకంటే అది నేను ఇంట్లో వంద సార్లు రాసుకున్న పేరు. రాసింది ఆమెకి చూపిస్తే ఎంతో మురిసింది. నా పేరు ఇంత గుండ్రంగా నేనే రాయలేను పిన్నీ అంది. ఈ కాగితాల్లో ఎవరి పేరూ నేను రాయకపోవడానికి కారణం ఆ పేజీయే.

తర్వాత పది రోజులు గీతలు ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది. మర్చిపోయి పెట్టలేదు. బొమ్మల్లో ఆడిన అబద్ధం అక్షరాల పక్కన ఆడకూడదనిపించింది. పేరు అంత శుభ్రంగా రాసి, దాని పక్కన దొంగ గీతలు పెట్టడానికి చెయ్యి రాలేదు. నెలాఖరున చదివి చెప్పేది నేనే కదా, అప్పుడు నోటితో సర్దేద్దాం అనుకున్నాను. ఇప్పుడా పుస్తకం ఎవరైనా చదవగలరన్న ముక్క నా బుర్రకి ఎక్కలేదు. చదువు రానివాళ్ళు తమ పుస్తకం తామే చదువుతామనుకుంటారు.

పదకొండో రోజు మీటింగ్‌లో మేనేజరు చేతిలో నా పుస్తకం ఉంది. హారతి అయింది. నన్ను ముందుకి పిలిచాడు. "పిన్నిగారిని చూడండి. ఈ వయసులో అక్షరాలు నేర్చుకుని ఎంత చక్కగా రాస్తున్నారో. డిగ్రీలు చదివిన మీకు సిగ్గుండాలి" అన్నాడు. నాకు చదువు రాదని ఆయనకి ఎప్పుడో తెలుసన్నమాట. అయినా నాకప్పుడు అది తట్టలేదు. నలభై మంది చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి అందరికన్నా గట్టిగా కొట్టింది. నేను నవ్వుతూ నిలబడ్డాను.

చప్పట్లు ఆగాక ఆయన పేజీ తిప్పి ఆమె పేరు చదివాడు. సోమవారం పదకొండు, మంగళవారం తొమ్మిది, బుధవారం పన్నెండు. నాలుగు రోజులవి చదివి, ఆమె వైపు చూసి, "బాత్రూములో అంతసేపు ఎవరితోనమ్మా ఫోను? ఇంటాయనతోనేనా?" అన్నాడు.

వెనక సేల్స్‌మెన్ వరసలో కిసకిసలు. ఆమె మేనేజరు వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆయన కూడా నా వైపు తిరిగాడు.

"ఇన్‌ఛార్జి గారూ, మీకేమైనా కారణం చెప్పిందా?"

"లేదు సార్" అన్నాను.

ఇచ్చిన మాట కోసం దాచానని ఆ తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. పిల్లకి ఒంట్లో బాగోలేదు సార్ అంటే గుట్టు నిలిచేది, ఆమె మర్యాదా నిలిచేది. ఆ నాలుగు మాటలకి నా నోటికి ఏ అడ్డమూ లేదు. ఒంట్లో బాగోలేదని తెలిసీ ఎందుకు రాయలేదు, రూలు ప్రకారం కారణం రాయాలి కదా అని అడుగుతాడేమోనని భయపడ్డాను. అప్పుడే చప్పట్లు కొట్టించుకున్న పుస్తకం. అందులో తప్పుందని ఒప్పుకోవాలనిపించలేదు.

ఆ అమ్మాయి కింద టైల్సు చూస్తూ, తల ఎత్తకుండానే, "ఫోను కాదండీ. నాకు మూడో నెల" అంది.

మేనేజరు తడబడ్డాడు. ముందే చెప్పాలి కదమ్మా అన్నాడు. అంతలో వెనక వరసలోంచి ఒక గొంతు, పెద్దగా కాదు, అందరికీ వినిపించేంత, "అయితే ఆషాఢం ఆఫరన్నమాట" అంది. వరస వరసంతా నవ్వింది. ఆడవాళ్ళు కూడా కొంతమంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నేను ముందు నిలబడి ఉన్నాను కాబట్టి నా మొహం ఆమెకి స్పష్టంగా కనిపించి ఉంటుంది. చప్పట్లప్పుడు వచ్చిన నవ్వు నా మొహం మీంచి ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ రోజే ఆమెని చీరల కౌంటరు నుంచి తీసి గోడౌన్‌లో వేశారు. కూర్చుని చేసే పని అని మేనేజరు దయగా చెప్పాడు. గోడౌన్‌లో బాత్రూము లేదు. పై అంతస్తుకి అన్ని మెట్లూ ఎక్కాలి, లిఫ్టు కస్టమర్లకే. భోజనాలప్పుడు నేను ఆమె పక్కన కూర్చోబోతే, డబ్బా మూసి లేచి వెళ్ళింది. ఆరు రోజులు వచ్చింది. ఏడో రోజు రాలేదు. తర్వాత ఇక రాలేదు.

నేను మాత్రం డ్యూటీకి వెళ్ళాను. అదే పుస్తకం ఇంకో ఏడు నెలలు రాశాను. ఆమె పేరున్న వరసలో వేరే అమ్మాయి పేరు రాశాను. అమ్మాయిలు పిన్నీ అంటూనే ఉన్నారు గానీ నా గిన్నెలో పచ్చడి వేసేవాళ్ళు లేరు. నేను వస్తే మాటలు ఆపేవాళ్ళు. తర్వాత బాత్రూము తలుపు దగ్గర కార్డు గీకే మిషను పెట్టి నా పుస్తకం మూలన పడేశారు. ఒక్కరూ దాని మాటెత్తలేదు.

ఆమెకి ఆడపిల్ల పుట్టిందని ఎవరో చెప్తే విన్నాను. పాపకి పదో నెల వచ్చాక, ధైర్యం కూడగట్టుకుని గుణదల వెళ్ళాను. మేరీమాత తిరునాళ్ళ రోజులు, రోడ్డంతా జనం, బస్సు చాలా ముందే ఆపేశారు. ఒక గౌను కొనుక్కుని నడిచి వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను.

తలుపు తీసింది ఆమె అత్తగారు. షాపు నుంచని చెప్పగానే, "మీరేనా పిన్నిగారు, మా కోడలు చెప్తూ ఉంటుంది. అక్కడ ఆ పిల్లకి దిక్కు మీరొక్కరేనంటగా" అని లోపలికి పిలిచి కుర్చీ వేసింది. కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. ఆ అమ్మాయి పాపని చంకనేసుకుని వచ్చింది. ఒళ్ళు చేసింది, బాగుంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, సంతోషించనూ లేదు. పాపని నా చేతికివ్వలేదు.

నేను కూర్చుకున్న మాటలు ఎత్తకుండా గౌను పొట్లం పక్క కుర్చీ మీద పెట్టాను. ఆమే అడిగింది, వంటింట్లోకి వినపడకుండా.

"ఆ రోజు ఒంట్లో బాగోలేదని ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

నిజం చెప్పడానికే అంత దూరం నడిచాను కాబట్టి నిజమే చెప్పాను. "పుస్తకం తీసేసుకుంటారేమోనని."

"పుస్తకం కోసమా?"

అవునని తలూపాను. ఆమె పాపని ఇంకో చంకకి మార్చుకుంది. ఇంకేదైనా పెద్ద కారణం ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నట్టుంది. ఉద్యోగం పోతుందనో, మేనేజరు బెదిరించాడనో. కోపం వచ్చినట్టు కూడా లేదు. తర్వాత మెల్లగా చెప్పింది. ఆ వెనక వరసలో నవ్విన ఒకతనిది వీళ్ళ వీధేనట. ఆమె ఆ రోజు ఇంటికొచ్చేసరికి, ఆమెకన్నా ముందు కబురు వచ్చింది. కోడలి నోట వినాల్సిన మాట అత్తగారు పాలప్యాకెట్ల కొట్టు దగ్గర నవ్వుల మధ్య వింది. ఆర్నెల్లు ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు. పాప పుట్టాక సర్దుకుంది.

"పుస్తకం ఎవరు రాశారని అడిగింది మా అత్తగారు. మేనేజరు రాసుకున్నాడని చెప్పాను. నువ్విప్పుడు ఆ సంగతి ఎత్తి మళ్ళీ కెలకమాక."

పాప ఏడుపు మొదలెట్టింది. ఆమె లేచి లోపలి గదిలోకి వెళ్ళింది, తిరిగి రాలేదు. గౌను పొట్లం కుర్చీ మీద అలాగే ఉంది. అత్తగారు కాఫీ తెచ్చి నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. పాప పోలికల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడింది. నేను కాఫీ తాగుతూ విన్నాను. చెప్పాలంటే అప్పుడు చెప్పొచ్చు, ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆ అమ్మాయి వద్దంది కాబట్టి చెప్పలేదనుకోవడం సుళువే. వద్దనకపోయినా చెప్పేదాన్ని కాదని నాకు తెలుసు.

గేటు దాకా వచ్చి అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "మీలాంటి వాళ్ళు ఒక్కరున్నా చాలండీ ఆడపిల్లలకి. మీ మేలు మర్చిపోం" అంది.

"నాదేముందండీ" అన్నాను.